బాలూ తమ్ముడు 2: తెలుగు ప్రకటనల్లో ఈ బొద్దు ఫాంటు ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ తడబడుతుంది

ఐస్‌క్రీమ్ పార్లర్, ప్లేస్కూల్ అడ్మిషన్లు, పిల్లల బట్టల సేల్, పుట్టినరోజు కేకులు. ఇలాంటి వాటికి తెలుగులో పోస్టర్ చేయమంటే ఎవరైనా ముందు వెతికేది బొద్దుగా, గుండ్రంగా, సరదాగా కనిపించే ఫాంటు. ఉచితంగా దొరికేవాటిలో ఆ పనికి ముందు వరుసలో ఉన్నది బాలూ తమ్ముడు 2. ముంబైకి చెందిన ఏక్ టైప్ సంస్థ పలు భారతీయ లిపులకు ఒకే పోలికలో చేసిన బాలూ కుటుంబంలో ఇది తెలుగు సభ్యుడు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, కన్నడానికి తమ్మ, పంజాబీకి పాజీ, మనకు తమ్ముడు. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. రెగ్యులర్, మీడియం, సెమీబోల్డ్, బోల్డ్, ఎక్స్‌ట్రాబోల్డ్ అని అయిదు వెయిట్లు (గీత మందాలు). పేరులో 2 లేని పాత బాలూ తమ్ముడులో ఒక్కటే లావు వెయిట్ ఉండేది. పాత ఫైల్ ఇంకా సిస్టంలో ఉంటే తీసేయండి. రెండూ ఉన్నప్పుడు ఫాంట్ల జాబితాలో పొరపాటున పాతది ఎంచుకోవడం, పక్క డిజైనర్ దగ్గర అదే ఫైల్ తెరిచినప్పుడు ఫాంటు లేదని హెచ్చరిక రావడం మామూలే.

తీర్పు ముందే చెప్పేస్తే: మూడు నుంచి ఆరు మాటల శీర్షికకు అయిదుకు నాలుగున్నర మార్కులు ఇవ్వవచ్చు. రెండు వాక్యాలు దాటిన మాటర్‌కు రెండు కూడా ఎక్కువే. చాలామంది కళ్లు మూసుకుని వాడే ఎక్స్‌ట్రాబోల్డ్ తెలుగులో దీని బలహీనమైన వెయిట్. బోల్డ్, సెమీబోల్డ్ అసలైన పనిమంతులు.

గుండ్రదనం మన లిపికి కొత్త కాదు

ఇంగ్లిష్‌లో ఒక ఫాంటును సరదాగా మార్చాలంటే మూలలు గుండ్రంగా చేస్తే సగం పని అయిపోతుంది. అక్కడి అక్షరాల్లో నిలువు గీతలు, కోణాలు ఎక్కువ కాబట్టి ఆ మార్పు వెంటనే కంటికి తెలుస్తుంది. తెలుగు అక్షరం పుట్టుకతోనే గుండ్రం. పుస్తకాల్లో వాడే గంభీరమైన ఫాంటులో కూడా ‘ల’ ఒంపులతోనే ఉంటుంది. అందుకే తెలుగులో ఆటవిడుపు మరో దారిలో రావాలి. గీత మందం ఎక్కడా సన్నబడకుండా దాదాపు ఒకేలా సాగడం, తలకట్టు పొట్టిగా బలంగా ఉండటం, గీత చివరలు మెత్తగా ముగియడం, అక్షరాలు ఒకదానికొకటి దగ్గరగా కూర్చోవడం. బాలూ తమ్ముడు ఈ నాలుగూ చక్కగా పట్టుకుంది. ఇంగ్లిష్ ఫాంటు చేసి దానికి తెలుగు తగిలించినట్టు ఉండదు, అన్ని లిపులూ కలిపి రూపకల్పన చేసిన కుటుంబం కాబట్టి. ‘ఫ్లాట్ 50%’ లాంటి శీర్షికలో ఇంగ్లిష్ అక్షరాలు పడినా, అంకెలు పడినా, ₹ గుర్తు పడినా తెలుగు పక్కన అన్నదమ్ముల్లాగే నిలబడతాయి. ఒకటే సవరణ: ఇంగ్లిష్ మాట అన్నీ పెద్దక్షరాల్లో ఉంటే దాన్ని తెలుగు సైజులో 90 శాతానికి తగ్గించండి. లేకపోతే ఇంగ్లిష్ అరుస్తున్నట్టు, తెలుగు దాని వెనక దాక్కున్నట్టు కనిపిస్తుంది.

‘ధర’ను ‘దర’ చేసే వెయిట్

ఇక లోపం. ద–ధ, ప–ఫ, చ–ఛ, డ–ఢ. ఈ జంటల్లో తేడా అంతా అక్షరం కింద ఉండే చిన్న నిలువు గీతలోనే ఉంది. ఏ లావు ఫాంటులోనైనా ఆ గీతకూ అక్షరం పొట్టకూ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. ఎక్స్‌ట్రాబోల్డ్‌లో చిన్న సైజుకు వెళితే ఆ ఖాళీ పూర్తిగా పూడుకుపోయి గీత అక్షరంలో కలిసిపోతుంది. ‘థ’ లోపలి చుక్కదీ అదే గతి. ప్రకటనల్లో తరచూ వాడే మాట ‘ధర’. అదే ‘దర’లా కనిపిస్తే ఎంత అందమైన ఫాంటైనా ఏం లాభం? గుడి, గుడిదీర్ఘం మధ్య తేడా కూడా పైనున్న చిన్న మెలికే కాబట్టి ‘రాయితీ’ ‘రాయితి’ అయిపోయే ప్రమాదం ఉంది.

దీనికి సైజు లెక్క ఒకటి పెట్టుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టును 1080 × 1350 పిక్సెళ్లలో చేస్తాం. ఫోన్ తెర వెడల్పు వెబ్ లెక్కలో 360 నుంచి 400 పిక్సెళ్లు. అంటే డిజైన్‌లో కనిపించేది చేతిలోకి వచ్చేసరికి దాదాపు మూడో వంతు. కాన్వాస్ మీద 48 పిక్సెళ్ల అక్షరం ఫోన్లో 16 అవుతుంది. ఈ లెక్కన శీర్షికను 90 నుంచి 140 మధ్య ఉంచి బోల్డ్ వాడండి. ఉపశీర్షిక 50 నుంచి 60, సెమీబోల్డ్. ఎక్స్‌ట్రాబోల్డ్ కావాలంటే 120 దాటినచోట మాత్రమే, అదీ ఒకటి రెండు మాటలకే. 40 కంటే చిన్న లైన్‌కు ఈ ఫాంటే వద్దు.

యూట్యూబ్ తంబ్‌నెయిల్‌ పరిస్థితి ఇంకా కఠినం. 1280 × 720లో చేసిన బొమ్మ కంప్యూటర్లో పక్కనున్న సిఫారసుల వరుసలో 170 పిక్సెళ్ల వెడల్పుకు అటూ ఇటూగా కుంచించుకుపోతుంది. ఏడో వంతు. అక్కడ 120 లోపు అక్షరం చదవడం కష్టం. మూడు మాటలు మించకూడదు, కింద కుడి మూలలో వీడియో నిడివి పడే చోట ఏమీ రాయకూడదు.

ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే

బాలూ తమ్ముడు వాడినవాళ్లు ‘ఫాంటు బాగోలేదు, ఒత్తులు విరిగిపోతున్నాయి’ అని ఫిర్యాదు చేస్తే తప్పు దాదాపు ఎప్పుడూ ఫాంటుది కాదు, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌ది. ‘స్త్రీ’ అని టైప్ చేస్తే స, త మీద పొల్లులు విడివిడిగా కనిపిస్తున్నాయంటే టెక్స్ట్ ఇంజిన్ భారతీయ లిపులను కలపడం లేదని అర్థం.

ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి టైప్ విభాగంలోకి వెళ్లండి. అక్కడ టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక కనిపిస్తే వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. తర్వాత ఫొటోషాప్ మూసి మళ్లీ తెరవాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: అప్పటికే ఉన్న టెక్స్ట్ లేయర్లు మారవు. ఆ లేయర్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలలో ఉన్న మెనూలో వరల్డ్-రెడీ ఆప్షన్ విడిగా పెట్టాలి, లేదా కొత్త లేయర్‌లో మళ్లీ టైప్ చేయాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్ టైప్ విభాగంలోనే ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లోనూ పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనే ఉంటుంది.

కెర్నింగ్‌ను ఆప్టికల్‌లో కాకుండా మెట్రిక్స్‌లో ఉంచండి. కెర్నింగ్ అంటే పక్కపక్క అక్షరాల జంట మధ్య ఖాళీ సర్దుబాటు. అక్షరాలన్నిటి మధ్య ఖాళీని ఒకేలా మార్చే ట్రాకింగ్ మాత్రం సున్నా. తెలుగులో క్రావడి, యవత్తు లాంటివి అక్షరానికి కింద, పక్కన తమ చోటు తామే తీసుకునే ఆకారాలు. ట్రాకింగ్ 50, 100 అని పెంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో అవి అసలు అక్షరం నుంచి జరిగిపోతాయి. గాలి ఆడాలనిపిస్తే మాటల మధ్య ఖాళీ పెంచుకోవచ్చు.

ఫాక్స్ బోల్డ్ బటన్ ముట్టుకోవద్దు. అసలైన బోల్డ్ వెయిట్ ఉండగా సాఫ్ట్‌వేర్ చేత అక్షరం చుట్టూ పూత పూయిస్తే, పైన చెప్పిన చిన్న గీతలూ సున్నల్లోని ఖాళీలూ ముందుగా పూడుకుపోతాయి. పైగా ఫాక్స్ బోల్డ్ ఉన్న లేయర్‌కు ఫొటోషాప్ వార్ప్ చేయనివ్వదు. పిల్లల పోస్టర్లలో శీర్షికను వంపు తిప్పడం మామూలు కాబట్టి ఈ అడ్డంకి తరచూ ఎదురవుతుంది.

టెక్స్ట్ డీటీపీ సెంటర్ నుంచి వస్తే ఇంకో చిక్కు. అను స్క్రిప్ట్‌లో టైప్ చేసిన మాటర్ యూనికోడ్ (అన్ని ఫాంట్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) కాదు. దాన్ని తెచ్చి బాలూ తమ్ముడులో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి తప్ప ఏమీ రాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒకసారి కళ్లతో చదవాలి. రావత్తు తారుమారు కావడం, క్ష విడిపోవడం, దీర్ఘాలు ఎగిరిపోవడం అక్కడే జరుగుతాయి.

లైన్ల మధ్య ఎంత ఖాళీ

ఒత్తు మీద ఒత్తు పడే మాటలు సంస్కృతం నుంచి వచ్చినవే అనుకుంటాం. ప్రకటనల్లో మాత్రం వాటిని ఎక్కువగా తెచ్చేవి ఇంగ్లిష్ మాటలు. స్ట్రాబెర్రీ, డబ్ల్యూ. ‘స్ట్రా’లో స కింద ట, దాని పక్కన ర. రెండో లైన్లో సరిగ్గా ఆ కిందే ‘కీ’ గానీ ‘ర్’ గానీ పడితే పై లైన్ ఒత్తూ కింది లైన్ గుడీ ఢీకొంటాయి. బాలూ తమ్ముడు ఈ గొడవ రాకుండా లైన్ ఎత్తును ఉదారంగానే పెట్టుకుంది. లైన్ల మధ్య దూరాన్ని సాఫ్ట్‌వేర్‌కే వదిలే ఆటో లీడింగ్‌లో ఉంచితే ఏదీ తగలదు కానీ రెండు లైన్ల శీర్షిక రెండు వేర్వేరు ప్రకటనల్లా దూరమైపోతుంది. అది చూసి చిరాకుపడి ఇంగ్లిష్ అలవాటుతో 1.0కు దించేస్తే ఒత్తులు తెగుతాయి.

రెండు లైన్ల తెలుగు శీర్షికకు అక్షరం సైజుకు 1.35 నుంచి 1.45 రెట్లు సరిపోతుంది. పై లైన్లో కిందికి దిగే ఒత్తులేమీ లేకపోతే 1.2 వరకు దించవచ్చు. ముందు 1.4తో మొదలుపెట్టి, ఎక్కడైనా ఢీకొంటే ఖాళీ పెంచే బదులు లైన్ విరుపు మార్చి చూడండి. ఒక మాట పైకో కిందికో వెళితే చాలాసార్లు సమస్య దానంతట అదే పోతుంది.

అంతకంటే ముందు శీర్షిక మాటలే మార్చుకోవడం ఉత్తమం. ‘చిన్నారుల దుస్తులపై ప్రత్యేక రాయితీ’లో 14 అక్షరాలు, మూడు చోట్ల వేర్వేరు హల్లుల కలయికలు. ‘పిల్లల బట్టలు సగం ధరకే’లో 11 అక్షరాలు, ఉన్న రెండు ఒత్తులూ తేలికైన ద్విత్వాలు. బోల్డ్ 110 సైజులో అటూ ఇటూ 80 పిక్సెళ్ల మార్జిన్ వదిలితే ఒక లైన్లో సుమారు 10, 11 అక్షరాలు పడతాయి. రెండో శీర్షిక రెండు లైన్లలో కుదురుగా కూర్చుంటుంది, మొదటిదానికి చోటు ఇరుకవుతుంది. ఈ ఫాంటు మాట్లాడే తెలుగు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. ‘విచ్చేయుచున్న వినియోగదారులకు విజ్ఞప్తి’ అని ఇందులో రాస్తే గొంతుకూ మాటకూ పొంతన ఉండదు.

వంపులు, గెంతులు, అవుట్‌లైన్లు

అక్షరాలను కొద్దిగా పైకీ కిందికీ గెంతించడం ఈ తరహా డిజైన్‌లో అందరికీ ఇష్టమైన పని. తెలుగులో అది ఒక్కో గ్లిఫ్‌గా (ఫాంటులోని విడి ఆకారంగా) కాదు, ఒక్కో అక్షరంగా జరగాలి. అంటే ‘స్వీ’ మొత్తం ఒత్తుతో, గుడిదీర్ఘంతో సహా ఒకే ముక్క. టెక్స్ట్‌ను అవుట్‌లైన్లుగా మార్చి, ప్రతి అక్షరంలోని ముక్కలను గ్రూప్ చేసి, ఆ తర్వాతే కదపాలి. సైజులో 3 నుంచి 5 శాతం ఎత్తుతేడా, 3 నుంచి 4 డిగ్రీల తిప్పుడు చాలు. అంతకు మించితే తలకట్ల వరుస చెదిరి కన్ను మాటను ఒక్క చూపులో పట్టుకోలేదు. మార్చే ముందు అసలు టెక్స్ట్ లేయర్ కాపీ ఒకటి దాచుకోండి, చివరి నిమిషంలో క్లయింటు ధర మారుస్తారు.

ఇలస్ట్రేటర్‌లో వంపు గీత మీద నేరుగా టైప్ చేస్తే గ్లిఫ్‌లు విడివిడిగా తిరిగి ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు పోవచ్చు. అవుట్‌లైన్లు చేసి ఎన్వలప్ డిస్టార్ట్‌తో ఆర్క్ ఇవ్వడం భద్రమైన దారి. వంపు 15, 20 శాతం దాటనివ్వకండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అక్షరం తర్వాత అక్షరం ఎగిరివచ్చే యానిమేషన్ పెడితే ఒత్తులు ముందొకటి వెనకొకటి వస్తాయి. రేంజ్ సెలెక్టర్‌లో ఆధారాన్ని క్యారెక్టర్ల నుంచి వర్డ్స్‌కు మార్చండి, మాట మొత్తం ఒకేసారి గెంతుతుంది.

స్టిక్కర్ లాంటి తెల్లని అంచు ఈ ఫాంటుకు బాగా నప్పుతుంది. స్ట్రోక్‌ను బయటివైపు మాత్రమే పెట్టాలి, మధ్యలో పెడితే సగం మందం అక్షరం లోపలికి తినేస్తుంది. గీతలు కలిసే మూల (జాయిన్) గుండ్రంగా ఉండాలి. మొనదేలే మూలలిచ్చే మిటర్‌లో వదిలేస్తే మెత్తని ఫాంటుకు ఒంపుల దగ్గర ముళ్లు మొలుస్తాయి. వెయిట్లన్నీ ఒకే ఫైల్లో ఉండే వేరియబుల్ ఫైల్ వాడుతుంటే ఇంకో సంగతి: అక్షరంలోని ముక్కలు ఒకదానిమీద ఒకటి కలిసే చోట లోపలి గీతలు కూడా స్ట్రోక్‌లో బయటపడవచ్చు. అవుట్‌లైన్లు చేశాక పాత్‌ఫైండర్‌లో యునైట్ కొడితే పోతాయి. వెబ్‌లో అయితే పెయింట్-ఆర్డర్‌ను స్ట్రోక్ ముందు, ఫిల్ తర్వాత వచ్చేలా పెట్టాలి.

రంగుల్లో తరచూ జరిగే తప్పు పసుపు మీద తెలుపు. సరదాగా ఉంటుందని అందరూ పెడతారు. పసుపు, తెలుపుల మధ్య కాంట్రాస్ట్ 2:1 కూడా రాదు. పెద్ద అక్షరాలకు వెబ్ ప్రమాణాలు అడిగేది కనీసం 3:1, చిన్నవాటికి 4.5:1. అంచు గీసి గట్టెక్కించే ప్రయత్నం చేయకండి. అదే పసుపు మీద ముదురు మెరూన్ గానీ నేవీ నీలం గానీ వేస్తే ఫాంటు ఉల్లాసం ఏమాత్రం తగ్గదు, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకూ కనిపిస్తుంది.

వెబ్‌సైట్‌లో, మెయిల్‌లో

తెలుగు ఫాంటు ఫైల్ ఇంగ్లిష్ దానికంటే చాలా పెద్దది, ఒత్తుల కలయికలన్నీ లోపల ఉండాలి కాబట్టి. అయిదు వెయిట్లూ లోడ్ చేయకండి. 600 (సెమీబోల్డ్), 700 (బోల్డ్) చాలు. ఫాంట్-డిస్‌ప్లే విలువ స్వాప్‌గా ఉంచితే ఫాంటు వచ్చేలోగా ఫోన్‌లోని ఫాంటు కనిపిస్తుంది. ఈ మార్పిడిలో పేజీ కిందికి గెంతకుండా శీర్షిక పెట్టెకు కనీస ఎత్తు ఇవ్వండి.

సైజు తగ్గించడానికి ఫైల్‌ను సొంతంగా సబ్‌సెట్ చేస్తే (అవసరమైన అక్షరాలే ఉంచితే) రెండు జాగ్రత్తలు. యూనికోడ్‌లో తెలుగు పరిధి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉంటే సరిపోదు, 200సి, 200డి కూడా ఉండాలి. 200సి అనేది కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘ఆఫర్‌లో’ అన్న మాట ‘ఆఫర్లో’ అయిపోకుండా ఆపేది అదే. రెండోది, కొన్ని ఆన్‌లైన్ కన్వర్టర్లు సైజు తగ్గించే ఉత్సాహంలో ఫాంటులోని జీసబ్, జీపోస్ పట్టికలను తీసేస్తాయి. ఒత్తులు కలపడం, గుర్తులను సరైన చోట నిలబెట్టడం వాటి పని. అవి పోతే ఫాంటు లోడ్ అయినా తెలుగు విరిగిపోతుంది. మార్చిన ఫైల్‌ను ‘స్త్రీ, రాష్ట్రం, జ్ఞాపకం, స్ట్రాబెర్రీ, వెబ్‌సైట్, ధర, ఫలం, కథ, హృదయం’ అన్న వరుసతో పరీక్షించండి. ఈ తొమ్మిదీ సరిగా వస్తే మిగతావి దాదాపు వచ్చినట్టే.

బటన్ల మీద అక్షరాలు నిలువుగా సరిగ్గా మధ్యలో కూర్చోవు. పైన గుడికి, కింద ఒత్తుకు ఫాంటు దాచుకున్న చోటు సమానంగా లేకపోవడమే కారణం. లైన్ ఎత్తును స్థిరంగా పెట్టి, పై ప్యాడింగ్, కింది ప్యాడింగ్ మధ్య రెండు మూడు పిక్సెళ్ల తేడా ఇచ్చి కంటితో సరిచేయాలి. వెయిట్‌ను 700 అని రాసి, 400 ఫైల్ మాత్రమే లోడ్ చేస్తే కొన్ని బ్రౌజర్లు దొంగ బోల్డ్ తయారుచేస్తాయి. ఫాంట్-సింథసిస్‌ను నన్ అని పెడితే అదీ రాదు, తెలుగుకు అసలు లేని ఇటాలిక్ వాలు కూడా రాదు.

మెయిల్‌లో ఆశలు పెట్టుకోకండి. జీమెయిల్ బయటి ఫాంట్లను తీసుకోదు. శీర్షికను బొమ్మగా పెట్టి, దాని ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మ రానప్పుడు కనిపించే మాటల్లో) అదే వాక్యం తెలుగులో రాయాలి. కూపన్ కోడ్, గడువు తేదీ మాత్రం మామూలు టెక్స్ట్‌గానే ఉండాలి, బొమ్మలు ఆపుకున్నవాళ్లకు అవే కావాలి.

పక్కన ఏ ఫాంటు, బదులుగా ఏ ఫాంటు

షరతులు, చిరునామా, సమయాలకు బాలూ తమ్ముడు రెగ్యులర్ వాడొచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. దాని రెగ్యులర్ కూడా శీర్షిక స్వభావంతోనే ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి, ఈ మూడిట్లో ఏదైనా పక్కన చక్కగా సర్దుకుంటుంది. మండలికి ఒక్కటే వెయిట్ కాబట్టి ధరలను లావుగా చూపించాల్సిన చోట మిగతా రెండే మేలు.

బదులుగా చూడదగినది అదే ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు. వెయిట్‌తోపాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు. పొడవాటి మాటలను ఇరుకు బ్యానర్లో ఇమడ్చాలంటే అదే గెలుస్తుంది. సరదా పాలు మాత్రం తక్కువ. సిలికానాంధ్ర తెచ్చిన ఉచిత ఫాంట్లలో రామభద్ర లావు శీర్షికలకు మంచిదే, కానీ దాని గొంతు గోడపత్రిక గొంతు, పసిపిల్లలది కాదు. లక్కిరెడ్డి చేతిరాతలా అల్లరిగా ఉంటుంది. ఒక మాటకు బాగుంటుంది, బ్రాండు మొత్తానికి కష్టం, ఒక్క వెయిటే ఉంది కనుక.

ఇది వాడకూడని చోట్లు కూడా ఉన్నాయి. ఆసుపత్రి అత్యవసర నంబర్లు, బ్యాంకు హెచ్చరికలు, సంతాప ప్రకటనలు, డబ్బు వాపసు నిబంధనలు. అక్కడ ఈ బొద్దు అక్షరాలు విషయాన్ని తేలిక చేస్తాయి. మిఠాయి దుకాణం, టిఫిన్ సెంటర్, బొమ్మల కొట్టు, డాన్స్ క్లాసులు, సంక్రాంతి కుటుంబ ఆఫర్లకు నిశ్చింతగా వాడండి.

లైసెన్సు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్. వ్యాపార ప్రకటనలకు, లోగోకు, యాప్‌లో పొదగడానికి డబ్బు కట్టనక్కర్లేదు, అనుమతి అడగనక్కర్లేదు. ఫాంటు ఫైల్‌ను విడిగా అమ్మడం మాత్రం కుదరదు. ఫైల్‌ను మార్చి ఇతరులకు పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. లోగోకు వాడేవాళ్లు అక్షరాలను అవుట్‌లైన్లు చేసి ఒకటి రెండు ఒంపులైనా సొంతంగా మార్చుకోవాలి. అదే వీధిలో మరో కేకుల షాపు కూడా ఇదే ఉచిత ఫాంటుతో బోర్డు పెట్టుకోవచ్చు, దాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు.